సమస్య: తెరచి యున్న దానిఁ దెరచె మరల

నిర్వాహకుడు, విశాఖపట్నం: ఆటవెలది నాలుగవ పాదంగా ఈ సమస్యను ఇస్తున్నాను. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ వంటి యునిక్స్ తరహా కంప్యూటర్ నిర్వహణ వ్యవస్థలలో ప్రోగ్రాము తెరచిన ప్రతి ఫైలుకూ కెర్నెల్ (వ్యవస్థకు కేంద్రమైన భాగం) ఒక అంకెను, అంటే ఫైల్ డిస్క్రిప్టర్‌ను, ఇస్తుంది. ఆ అంకెలే డెవ్ డైరెక్టరీలోని ఎఫ్‌డిలో ఫైలు పేర్లుగా కనిపించే ఏర్పాటు 1985 నాటి ఎనిమిదవ ఎడిషన్ యునిక్స్‌లో వచ్చింది. వాటిలో సున్న ప్రోగ్రాముకు వచ్చే ఇన్‌పుట్‌ది. పూరణ ఈ ఏర్పాటుమీదనే ఉండాలి.

గాజువాక సభ్యురాలు:

పేరె కాని యంకె నేరని ప్రోగ్రాము
సున్న నంబరునకు సొంత పేరు
డెవ్వులోనఁ జూచి టెర్మినల్ తలుపును
తెరచి యున్న దానిఁ దెరచె మరల.

నిర్వాహకుడు: అమ్మా, ‘పేరె, నేరని’ ప్రాసయతి చక్కగా కుదిరింది. మూడవ పాదంలో డకారానికి టెర్మినల్‌తో యతి కూర్చడం నాకు ఎంతో నచ్చింది. అయితే టెర్మినల్‌లో చదివిన అక్షరం మళ్ళీ రాదు కనుక, ‘మరల’ తెరవడంలోని అసలు చిక్కు ఇందులో బయటపడలేదు. డిస్కుమీది ఫైలును తీసుకొని ఉంటే సమస్యకు ఇంకా న్యాయం జరిగేది.

మద్దిలపాలెం సభ్యుడు: మాస్టారూ, ఆ చిక్కునే పట్టుకొన్నాను.

సగము చదివినట్టి జాడను విడనాడి
పేరుఁ బట్టి రాఁగ వేరె రీతి
యా లినక్సు ఫైలు నాదికి మరలించి
తెరచి యున్న దానిఁ దెరచె మరల.

ఒక ఫైలును ఇన్‌పుట్‌గా ఇచ్చి, మొదటి వరుసను షెల్‌లోని (మనం ఇచ్చే ఆదేశాలను నడిపే ప్రోగ్రాములోని) రీడ్ ఆదేశంతో చదివిన తరువాత, ఫైలును తెరపై చూపే క్యాట్ ఆదేశానికి ఎఫ్‌డిలోని సున్న పేరును ఇస్తే, లినక్స్‌లో ఆ మొదటి వరుస మళ్ళీ అచ్చవుతుంది.

గాజువాక సభ్యురాలు: అన్నగారూ, భావం చాలా బాగుంది కానీ ‘మరలించి’ అన్న మాట నిలవదు. లినక్స్ పాత డిస్క్రిప్టర్ స్థానాన్ని, అంటే ఫైలులో ఎంతవరకు చదివిందో ఆ గుర్తును, వెనక్కి జరపదు; అది ఉన్నచోటనే ఉండగా, అదే ఫైలును కొత్తగా తెరచి వేరొక స్థానాన్ని సున్నతో మొదలుపెడుతుంది. ‘ఆదినిఁ జూపించి’ అంటే గణాలూ చెడవు, విషయమూ సరిపోతుంది.

మద్దిలపాలెం సభ్యుడు: అలాగేనమ్మా, సంతోషంగా మారుస్తున్నాను.

నిర్వాహకుడు: సవరణ సమంజసం. ఫ్రీబీఎస్‌డీలో అదే పేరు పాత డిస్క్రిప్టర్‌కు నకలునే ఇస్తుంది కనుక, రెండింటికీ స్థానం ఒక్కటే అయి, క్యాట్ రెండవ వరుస నుంచే చూపుతుంది. అందువల్ల ‘ఆ లినక్సు’ అన్నది ఈ పద్యంలో పాదపూరణకు వేసిన మాట కాదు, అది లేకపోతే అర్థమే తప్పుతుంది. ఇక సాకెట్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకొనే మార్గం) సంగతి మిగిలింది: దానికీ ఎఫ్‌డిలో పేరు కనిపిస్తుంది, కానీ లినక్స్‌లో ఆ పేరుతో తెరవబోతే కెర్నెల్ నిరాకరిస్తుంది. దానిని ఇమిడ్చిన పూరణలను శనివారం రాత్రి వరకు స్వీకరిస్తాను.