మైల్స్ స్టాండిష్ ఏ శాఖవాడు: డక్స్‌బరీ, ఆర్మ్‌స్కర్క్, మాన్ ద్వీపం?

ప్రశ్న (జిజ్ఞాసువు):
1620లో మేఫ్లవర్ ఓడలో ఇంగ్లండ్ నుంచి వెళ్లి అమెరికాలోని ప్లిమత్ వలసకు సేనానిగా పనిచేసిన కెప్టెన్ మైల్స్ స్టాండిష్, ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో చోర్లీ దగ్గరున్న డక్స్‌బరీ హాల్ వంశీకుడని చాలామంది రాస్తున్నారు. చోర్లీ చర్చి రిజిస్టరులో 1584, 1585 నాటి నమోదులను ఎవరో కావాలనే గీకేశారని, అందుకే రుజువు దొరకడం లేదని కూడా అంటున్నారు. ఆయన బ్రిటన్, ఐర్లండ్‌ల మధ్యనున్న మాన్ ద్వీపంలో పుట్టాడన్న మరో వాదన కూడా ఉంది. వీటిలో దేనికి ఆధారం గట్టిగా ఉంది?

జవాబు (పాత దస్తావేజు):
జిజ్ఞాసువు గారూ, ముందు ఆయన వీలునామా చదవండి. 1656లో, చనిపోయిన ఏడాదే, రాయించినది అది. తనకు న్యాయంగా రావలసి ఉండీ మోసంతో దక్కకుండా పోయిన భూములంటూ ఆర్మ్‌స్కర్క్, బర్స్‌కో, రైటింగ్టన్, మోడ్స్‌లీ, న్యూబర్గ్, క్రాస్టన్ ఊళ్లను, ఆపైన మాన్ ద్వీపాన్ని పేరుపేరునా చెప్పి, వాటిపై హక్కును కొడుకు అలెగ్జాండర్‌కు రాశాడు. ఆ జాబితాలో చోర్లీ లేదు, డక్స్‌బరీ లేదు. తన ముత్తాత స్టాండిష్ ఊరి స్టాండిష్‌ల ఇంట చిన్న కొడుకని కూడా చెప్పుకున్నాడు. డక్స్‌బరీ వారు ఆ ఇంటి నుంచి అంతకు ఎన్నో తరాల ముందే వేరుపడిన దాయాదులు కాబట్టి ఈ మాట వారికి నప్పదు.

గీకేసిన పుట సంగతి నాకు మొదటినుంచీ మింగుడుపడలేదు. 1846లో అమెరికాలోని వారసులు ఆస్తి రాబట్టాలన్న ఆశతో బ్రోమ్లీ అనే ఆయనను లాంకషైర్‌కు పంపారు. చోర్లీలో వెతికితే తమకు కావలసిన కాలపు రాతే చెరిగిపోయి కనబడింది. అక్కడినుంచి కుట్ర కథ పుట్టింది. చదవరాని రాతలో ఫలానావాడి పేరే ఉందని ఎలా నిర్ధారిస్తాం? రిజిస్టరు పాడవడం ఒకటి, అందులో మైల్స్ పేరు ఉండటం వేరొకటి.

దీనికి భిన్నంగా లాంకషైర్‌లోని కాపుల్ చర్చి వికార్ (మతగురువు) పోర్టియస్ ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో భూమి పత్రాలు తిరగేసి, వీలునామాలోని ఊళ్లలో భూములున్నది ఆర్మ్‌స్కర్క్ స్టాండిష్‌లకని చూపాడు. ఆ శాఖవారు కొందరు మాన్ ద్వీపంలో ఎల్లన్‌బేన్ అనే చోట స్థిరపడ్డారు కూడా. ఊళ్లూ ద్వీపమూ ఒకే శాఖలో కలుస్తున్నాయి.

ఆక్షేపణ (తీరవాసి):
మీరు నేథనియల్ మోర్టన్‌ను వదిలేశారు. ప్లిమత్ వలస కార్యదర్శిగా ఉండి స్టాండిష్‌ను దగ్గరగా ఎరిగిన ఆయన, 1669లో అచ్చయిన చరిత్రలో స్టాండిష్ లాంకషైర్‌లో పుట్టాడనే రాశాడు. పైగా అమెరికాలో స్టాండిష్ స్థిరపడిన ఊరికి 1637లో డక్స్‌బరీ అన్న పేరే ఖాయమైంది. ఈ రెండింటినీ కాదనగలమా?

జవాబు (పాత దస్తావేజు):
మోర్టన్ మాటను నేను తోసిపుచ్చను. పుట్టిన చోటు గురించి తేదీతో దొరుకుతున్న పాత సాక్ష్యం అదే. వీలునామా పుట్టుక గురించి మాట్లాడనే లేదు, కాబట్టి అందులో మాన్ ద్వీపం పేరు కనబడిందని ఆయనను అక్కడే పుట్టించేయడం తొందరపాటే అవుతుంది. జి.వి.సి. యంగ్ వంటివారు ద్వీపం తరఫున గట్టిగా వాదించారు గానీ, ద్వీపంలో బంధువులకు ఆస్తి ఉన్నంత మాత్రాన బిడ్డ అక్కడే పుట్టినట్టు కాదు. అలాగే మోర్టన్ చెప్పిన లాంకషైర్ అంటే డక్స్‌బరీ ఒక్కటే కాదు, ఆర్మ్‌స్కర్క్ కూడా లాంకషైరే.

ఇక ఊరి పేరంటారా, డక్స్‌బరీ హాల్ ఇంటిపై గౌరవం కొద్దీ పెట్టి ఉండవచ్చు. దాన్ని వంశావళికి రుజువుగా నేను లెక్కలోకి తీసుకోను. ఏ శాఖవాడు అన్నదానికి ఆర్మ్‌స్కర్క్ అని నా జవాబు. ఎక్కడ పుట్టాడు అన్నదానికి, మాన్ ద్వీపం వైపునుంచి సమకాలిక పత్రం వచ్చేదాకా, నేను మోర్టన్ పక్షమే.