మినియేచర్ అంటే చీమ ఫొటోనా?

గ్రూపులో అందరికీ నమస్కారం. మా హనుమకొండ కెమెరా మిత్రుల పోటీకి ఈ నెల అంశం ‘మినియేచర్’. పోస్టర్ మీద తెలుగులో ‘సూక్ష్మం’ అని వేశారు. ఇంకేముంది, వచ్చిన ఫొటోల్లో సగం చీమలే. మిగతావాటిలో మంచుబొట్లు, ఆవగింజలు, ఒకాయనదైతే కనురెప్ప వెంట్రుక. ఫొటోలు చూసి ఏరేవాళ్లలో నేనొకణ్ని. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తేలక రెండు రోజులుగా టెన్షన్. అసలు ఈ మాటకు సరైన తెలుగు ఏంటి?

నా మట్టుకు నాకు చీమ మినియేచర్ కాదు. చీమ చీమంతే ఉంటుంది. దాన్నే దగ్గర్నుంచి పెద్దగా చూపిస్తే మాక్రో. మినియేచర్‌కైతే ఎక్కడో ఒక పెద్దది ఉండాలి. ఒక ఇంటర్ పిల్లగాడు తెలంగాణ ప్రభుత్వ రాజముద్ర ఉన్న కాగితాన్ని పట్టుకుని వరంగల్ కోటకు పోయాడు. ముద్రలో గోరంత తోరణం, వెనకాల అసలు కాకతీయ తోరణం. నా ఓటు దానికే. ఇంకొకతను గోవిందరాజుల గుట్టెక్కి ఊరిని తీసి, ఫొటో పైభాగం, కింది భాగం మసక చేశాడు. ఆటోలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. అందులో నిజంగా చిన్నదంటూ ఏదీ లేదు. దీన్నేమంటారు?

జవాబు: సార్, ఆ ఇంగ్లిష్ మాట పుట్టుకకూ చిన్నతనానికీ సంబంధమే లేదు. లాటిన్‌లో మినియం అంటే సీసంతో చేసే ఎర్రటి సిందూరం. యూరప్‌లో చేతిరాత పుస్తకాల మొదటి అక్షరాలను దాంతో దిద్దేవారు. ఆ పనికి ఇటాలియన్‌లో మినియతూరా అని పేరు. ఆ పుస్తకాల్లో వేసే బొమ్మలకూ అదే పేరు వచ్చింది. పేజీలో పట్టే బొమ్మలు కాబట్టి అవి చిన్నవే, పైగా ‘తక్కువ’ అనే అర్థమున్న మైనస్ అనే మాట చెవికి దగ్గర. అట్లా చిన్నదనే అర్థం అంటుకుంది. అసలు లెక్కన చూస్తే, ఒళ్లంతా సిందూరం పూసుకున్న ఆంజనేయుడు ఎంత పెద్ద విగ్రహమైనా మినియేచరే!

జవాబు: అన్నా, సూక్ష్మం వద్దు. కంటికి ఆననిది సూక్ష్మం, అందుకే సూక్ష్మక్రిమి. బుల్లి అంటే ముద్దుమాట. మరుగుజ్జు బోన్సాయ్ చెట్టుకు సరిపోతుంది, గుడి నమూనాకు బాగుండదు. మన దగ్గర పెద్ద బతుకమ్మ పక్కన చిన్నది పేర్చి పిల్ల బతుకమ్మ అంటాం కదా. అదే తంగేడు, అదే గునుగు, వరుసలూ అట్లనే. తగ్గేది కొలత ఒక్కటే. పెద్ద కాలువలోంచి తీస్తే పిల్లకాలువ. పిల్ల అన్నామంటే తల్లి ఎక్కడో ఉన్నట్టే. ‘పిల్లరూపం’ అనండి.

నేను: మాట బాగుందక్కా. గుట్ట మీది ఫొటో చిక్కు కూడా దీంతో తీరింది. తల్లి ఊరు ఉండనే ఉంది, పిల్లను మన కన్నే కంటోంది. దాన్ని ఉంచేశాను, చీమల్ని పక్కన పెట్టాను. కానీ వచ్చేసారి పోస్టర్ మీద ‘పిల్లరూపం’ అని వేస్తే అందరూ తమ ఇంట్లో పసిపిల్లల ఫొటోలు పంపుతారేమో!