‘మాజీ ఆంగ్లికన్ బిషప్రిక్’: ఇందులో మాజీ అయినది ఏది?

ప్రశ్న:
ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో రిపన్ అనే ఊరుంది. అక్కడి ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయానికి చెందిన) చర్చి చరిత్ర మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేయాలి. మొదటి వాక్యం దగ్గరే పని ఆగింది. ప్రస్తుతానికి ఇలా ఉంది: ‘రిపన్ ఒక మాజీ ఆంగ్లికన్ బిషప్రిక్. ఇది 2014లో బ్రాడ్‌ఫర్డ్, వేక్‌ఫీల్డ్ డయాసీస్‌లతో విలీనమైంది.’ మూలంలో బిషప్రిక్, డయాసీస్, సీ అనే మూడు మాటలు మార్చి మార్చి వస్తున్నాయి. మూడింటికీ ‘అధ్యక్ష మండలం’ అని రాస్తే చాలునా? ‘మాజీ’, ‘విలీనం’ కూడా ఎందుకో అతకడం లేదు.

బందరు నుంచి:
మూడింటికీ ఒకే మాట వేస్తే నాలుగో పేరాకల్లా చిక్కు వస్తుందండి. ఒక్కొక్కటీ ఎక్కడ పుట్టిందో చూస్తే ఏది దేనికో తేలిపోతుంది.

డయాసీస్ గ్రీకు ‘డియోయికేసిస్’. ‘ఓయికోస్’ అంటే ఇల్లు. ఇల్లు చక్కబెట్టడం అనే అర్థం పెరిగి పాలన అయింది. రోమను సామ్రాజ్యంలో డయోక్లీషియన్ కాలంలో కొన్ని రాష్ట్రాలను కలిపిన పెద్ద పాలనా విభాగాన్ని ఇలా పిలిచారు. ఆ చక్రవర్తి పేరులోనూ ‘డయో’ ఉంది గానీ ఈ మాటకూ ఆయనకూ చుట్టరికం లేదు. చర్చి ఈ మాటను తీసుకుని ఒక బిషప్ చేతికింది భూభాగానికి వాడింది. అంటే పటం మీద గీత గీసి చూపగలిగేది డయాసీస్.

సీ లాటిన్ ‘సెడెస్’ నుంచి వచ్చింది. కూర్చునే చోటు అని అర్థం. బిషప్ కూర్చునే ఆసనం గ్రీకులో ‘కతెద్రా’, ఆ ఆసనం ఉన్న చర్చి కతీడ్రల్. దీనికి ‘పీఠం’ అచ్చంగా సరిపోతుంది. ఆసనం అనే అర్థం, అధికారం అనే అర్థం రెండూ మన మాటలోనే ఉన్నాయి.

బిషప్రిక్ చివర ఉన్న ‘రిక్’ పాత ఇంగ్లీషులో రాజ్యం, ఏలుబడి. జర్మన్ ‘రైఖ్’ దానికి తోబుట్టువు. ఇంకా వెనక్కి వెళితే మన ‘రాజు’, ‘రాజ్యం’ పుట్టిన ధాతువుకే చేరుతుంది. అందువల్ల ఈ మాటలో పదవి, పరిధి రెండూ కలిసి ఉంటాయి. తెలుగులో దీనికి ఒక్క మాట వెతకకండి. వాక్యం పదవి గురించి అయితే ‘బిషప్ పదవి’ అనండి, ప్రాంతం గురించి అయితే ‘డయాసీస్’ అనండి.

ఇక ‘అధ్యక్ష’. ఇది చక్కటి మాట, దాని లెక్క తెలిసి వాడాలి. బిషప్‌కు మూలం గ్రీకు ‘ఎపిస్కోపోస్’. ‘ఎపి’ అంటే పైన, ‘స్కోపోస్’ అంటే చూసేవాడు. అధ్యక్షలో ‘అధి’ అంటే పైన, ‘అక్ష’ అంటే కన్ను. ముక్కకు ముక్క అతికింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సీతాధ్యక్షుడు, సూత్రాధ్యక్షుడు అంటే వ్యవసాయాన్నీ నూలునూ కనిపెట్టి చూసే అధికారులే. తెలుగు బైబిలు ఆ అర్థాన్ని నిలిపింది: ‘ఎవడైనను అధ్యక్షపదవిని ఆశించినయెడల అట్టివాడు దొడ్డపనిని అపేక్షించుచున్నాడు’ (1 తిమోతి 3:1). ఫిలిప్పీయుల పత్రిక మొదటి వచనంలోనూ ‘అధ్యక్షులకును పరిచారకులకును’ అనే ఉంది.

అయితే ఈ రోజు ‘రిపన్ అధ్యక్షుడు’ అని రాస్తే పార్టీ అధ్యక్షుడో, క్లబ్బు అధ్యక్షుడో అనుకుంటారు. ‘మండలం’ది ఇంకో ఇబ్బంది. 1985లో రెవెన్యూ మండలాలు వచ్చినప్పటి నుంచి ఆ మాట వినగానే తహసీల్దారు ఆఫీసే గుర్తొస్తుంది. మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘాల విషయంలో ‘డోర్నకల్ అధ్యక్ష మండలం’ అంటే అలవాటున్నవారికి అర్థమవుతుంది. ఇంగ్లండు చరిత్ర రాసేటప్పుడు మొదటిసారి ‘డయాసీస్ (బిషప్ పరిధిలోని ప్రాంతం, మన సంఘాల్లో అధ్యక్ష మండలం అనేది)’ అని విప్పి చెప్పి, ఆ తరవాత డయాసీస్ అనే కొనసాగించండి.

గుంటూరు నుంచి:
డయాసీస్‌కు ‘మేత్రాసనం’ ఎందుకు వద్దు? అచ్చులో ఎప్పటినుంచో ఉన్న మాటే కదా.

బందరు నుంచి:
అది కతోలికుల మాటండి. మేత్రాణులు, మేత్రాసనం, విచారణ, గురువులు, ఇవన్నీ ఒకే కుటుంబం. మెట్రోపాలిటన్‌కు (పలు డయాసీస్‌ల మీది పెద్ద బిషప్) సిరియాక్ రూపం మలయాళ, తమిళ క్రైస్తవుల మీదుగా వచ్చి ‘ఆసనం’తో కలిసింది. ఆంగ్లికన్ విషయంలో ఆ మాట వేస్తే చదివేవారు రోము కింది పీఠం అనుకుంటారు. 2014లో రిపన్ ప్రాంతం చేరిన లీడ్స్ డయాసీస్ విషయంలో ఈ పొరపాటు మరీ ప్రమాదం. ఆ ఊళ్లో కతోలికులకు 1878 నుంచే లీడ్స్ డయాసీస్ ఉంది. ‘లీడ్స్ కతీడ్రల్’ అని పేరున్నది వాళ్లదే.

లీడ్స్ నుంచి:
వంశవృక్షం ముందు సరిచూసుకోండి, మాటలు వాటంతట అవే కుదురుతాయి.

రిపన్ డయాసీస్ 1836 అక్టోబరులో ఏర్పడింది. యార్క్, చెస్టర్ డయాసీస్‌ల నుంచి భాగాలు తీసి దీన్ని కట్టారు. ఎనిమిదో హెన్రీ కాలం తరవాత ఇంగ్లండులో పుట్టిన మొదటి కొత్త డయాసీస్ ఇదే. కారణం జనాభా. మిల్లు పట్టణాలు పెరిగిపోయి, దూరాన ఉన్న బిషప్‌లకు ఆ ప్రాంతాన్ని చూసుకోవడం అలవికాని పని అయింది. మొదటి బిషప్ చార్లెస్ లాంగ్లీ. ఆ పట్టణాలు ఇంకా పెరగడంతో 1888లో వేక్‌ఫీల్డ్‌ను, 1919లో బ్రాడ్‌ఫర్డ్‌ను రిపన్ నుంచే విడదీశారు. ఇక్కడ ‘చీలిపోయాయి’ అని రాయకండి. చర్చి చరిత్రలో చీలిక అంటే సిద్ధాంత విభేదం, కక్ష. ఇవి చట్టం ప్రకారం చేసిన విభజనలు. వేక్‌ఫీల్డ్‌ది 1878 బిషప్రిక్కుల చట్టం కింద జరిగింది. లివర్‌పూల్, న్యూకాసిల్, సౌత్‌వెల్ కూడా ఆ చట్టం కిందే వచ్చాయి.

1999లో రిపన్ పేరును ‘రిపన్ అండ్ లీడ్స్’గా మార్చారు. అనువాదకులు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. ‘రిపన్, లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, వేక్‌ఫీల్డ్ డయాసీస్‌లు’ అని కామాలు పెట్టేసి నాలుగు చేస్తారు. రద్దయినవి మూడే. ‘రిపన్–లీడ్స్’ అని అడ్డగీత పెట్టండి, మన ‘కృష్ణా–గోదావరి’లాగా.

2014 ఏప్రిల్ 20న, ఈస్టరు నాడు, ఆ మూడింటినీ రద్దుచేసి లీడ్స్ డయాసీస్‌ను ఏర్పాటు చేశారు. ‘వెస్ట్ యార్క్‌షైర్ అండ్ ది డేల్స్’ అనే పేరు కూడా కొన్నాళ్లు వాడుకలో నడిచింది. మూలంలో అది కనబడితే వేరే డయాసీస్ అనుకోవద్దు. మొదటి లీడ్స్ బిషప్ నిక్ బేన్స్, అంతకుముందు బ్రాడ్‌ఫర్డ్ బిషప్. రిపన్, బ్రాడ్‌ఫర్డ్, వేక్‌ఫీల్డ్ కతీడ్రళ్లు మూడూ కతీడ్రళ్లుగానే, సమాన హోదాతో ఉన్నాయి. కాబట్టి ‘రిపన్ కతీడ్రల్ హోదా కోల్పోయింది’ అని ఊహించి రాస్తే తప్పు.

ఇంకొకటి. ‘రిపన్ బిషప్’ ఇప్పటికీ ఉన్నారు! లీడ్స్ బిషప్ కింద పనిచేసే అయిదుగురు ప్రాంతీయ బిషప్‌లలో ఒకరిది ఆ పేరు. వెనకటి క్నేర్స్‌బరో సహాయ బిషప్ పదవికే తరవాత రిపన్ పేరు పెట్టారు. డయాసీస్ పోయింది, అసలు పీఠం పోయింది, బిరుదు మాత్రం ఒక మెట్టు కిందికి దిగి మిగిలింది. బందరువారు పదవి, పరిధి, పీఠం వేరుచేయమన్నది ఇందుకే పనికొస్తుంది. 2014కు ముందు రిపన్ బిషప్‌ను ‘డయాసీస్ బిషప్’ అనండి, తరవాతివారిని ‘ప్రాంతీయ బిషప్’ అనండి.

సికింద్రాబాదు నుంచి:
‘విలీనం’ సంగతి. ‘లీ’ ధాతువుకు కరగడం అని అర్థం. ఉప్పు నీటిలో విలీనమైతే నీరు మిగులుతుంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది అంటాం, యూనియన్ బ్యాంకు అదే పేరుతో నిలిచింది కనుక అక్కడ ఆ మాట సరైనది. ఇక్కడ మూడింటిలో ఏదీ చట్టపరంగా నిలవలేదు, నాలుగోది కొత్తగా పుట్టింది. కనుక ‘మూడింటినీ రద్దుచేసి, వాటి ప్రాంతాలను కలిపి’ అని విడమరిచి రాయడమే మేలు.

‘విలీనమైంది’లో ‘అయింది’ కూడా ఇబ్బందే. తనంతట తాను వెళ్లి కలిసినట్టు వినిపిస్తుంది. 2013 మార్చిలో మూడు డయాసీస్‌ల సభల్లో ఓటు పెడితే బ్రాడ్‌ఫర్డ్, రిపన్–లీడ్స్ ఒప్పుకున్నాయి, వేక్‌ఫీల్డ్ ఒప్పుకోలేదు. అయినా యార్క్ ఆర్చిబిషప్ ఆ ప్రతిపాదనను జనరల్ సినడ్ (ఇంగ్లండు చర్చి శాసనసభ) ముందుకు పంపారు, జులైలో అది ఆమోదం పొందింది. ‘కలిపారు’ అనే క్రియే నిజం చెబుతుంది.

దీనికి పక్కన పెట్టి చూడదగ్గది గ్లోస్టర్, బ్రిస్టల్ జంట. అదే 1836లో ఆ రెండింటినీ ఒకే బిషప్ కింద చేర్చి జంటపేరుతో నడిపారు, 1897లో బ్రిస్టల్‌ను మళ్లీ వేరుచేశారు. అక్కడ ‘జోడించారు’ సరిపోతుంది.

మూలంలో పొంచి ఉన్న మాటలు మరికొన్ని. ‘లాంగ్లీ 1856లో డరమ్‌కు ట్రాన్స్‌లేట్ అయ్యారు’ అని ఉంటుంది. యంత్రానువాదం దాన్ని ‘అనువదించబడ్డారు’ అని ఇచ్చే ప్రమాదం ఉంది. బిషప్ ఒక పీఠం నుంచి మరో పీఠానికి మారడం అని దాని భావం. ‘బదిలీ’ అంటే ఉద్యోగి బదిలీలా ఉంటుంది, ‘డరమ్ పీఠానికి మారారు’ అనండి. ఆయన తరవాత 1860లో యార్క్‌కు, 1862లో కాంటర్‌బరీకి మారారు. పీఠం మారిన ప్రతిసారీ ‘అభిషేకం’ అని రాయకూడదు. బిషప్‌గా అభిషేకం జీవితంలో ఒక్కసారే, కొత్త పీఠంలో జరిగేది ఆసనారోహణం.

‘మెజర్’ అంటే ఇక్కడ చర్య కాదు, కొలత కాదు. ఇంగ్లండు చర్చి చేసి పార్లమెంటు ఆమోదించే శాసనం. 2014 మార్పుకు ఆధారం 2007 నాటి అలాంటి శాసనమే. ‘స్కీమ్’ను పథకం అంటే పింఛను పథకంలా ఉంటుంది, ‘పునర్వ్యవస్థీకరణ పత్రం’ అంటే భావం నిలుస్తుంది.

నంద్యాల నుంచి:
అందరూ ‘మాజీ’ని వదిలేశారు. అసలు మెలిక అక్కడే ఉంది. ‘మాజీ ఆంగ్లికన్ బిషప్రిక్’లో మాజీ అయినది బిషప్రిక్కా, ఆంగ్లికన్ అన్న గుర్తింపా?

డోర్నకల్ తీసుకోండి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వి.ఎస్. అజరయ్య అభిషేకంతో ఆ డయాసీస్ మొదలైంది. ఆంగ్లికన్ బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అందులో చేరిన నాలుగు ఆంగ్లికన్ డయాసీస్‌లలో డోర్నకల్ ఒకటి. కృష్ణా–గోదావరి వేరే డయాసీస్ అయింది, డోర్నకల్ పేరు, పీఠం నేటికీ ఉన్నాయి. అంటే అక్కడ బిషప్ పదవి బతికే ఉంది, ఆంగ్లికన్ అన్నదే గతం. రిపన్ దీనికి తిరగబడిన ఉదాహరణ. ఆంగ్లికన్ అన్నది అలాగే ఉంది, డయాసీసే గతం. నంద్యాల ఆంగ్లికన్లు 1947లో చేరకుండా కలకత్తా మెట్రోపాలిటన్ కిందే ఉండి 1970ల్లో సి.ఎస్.ఐ.లోకి వచ్చారు. కాబట్టి ‘మన ఆంగ్లికన్లంతా 1947లో చేరారు’ అని కూడా రాయలేం.

అందుకని డోర్నకల్‌ను ‘1947 దాకా ఆంగ్లికన్ డయాసీస్’ అనండి. రిపన్‌ను ‘2014 దాకా ఉన్న ఆంగ్లికన్ డయాసీస్’ అనండి. ‘మాజీ’ మనుషులకు, పదవులు వదిలినవారికి నప్పుతుంది. ప్రాంతానికి ‘పూర్వపు’, ‘ఒకప్పటి’ నయం. 1888కి ముందున్న పెద్ద రిపన్‌కు మనవాళ్లకు బాగా తెలిసిన మాటే ఉంది: ‘ఉమ్మడి రిపన్’. ఉమ్మడి వరంగల్ జిల్లా అన్నంత తేలిగ్గా అర్థమవుతుంది. 2014 తరవాతి లీడ్స్‌కు మాత్రం ఉమ్మడి అనొద్దు, ఇంకా విడిపోనిదాన్ని అలా అనం.

పేరు రాతలో ‘రిపన్’ సరే. చెన్నైలోని రిపన్ బిల్డింగుకు ఏ వైస్రాయి పేరు పెట్టారో ఆయన బిరుదు ఈ ఊరిదే, కనుక ఆ రూపం మన కంటికి అలవాటైనది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇలా మార్చాను, చూడండి:

‘రిపన్ 1836 నుంచి 2014 దాకా ఇంగ్లండు చర్చిలో ఒక డయాసీస్ (బిషప్ పరిధిలోని ప్రాంతం, మన సంఘాల్లో అధ్యక్ష మండలం అనేది). రాణి ఉత్తర్వుతో ఏర్పడిన ఉమ్మడి రిపన్ నుంచి 1888లో వేక్‌ఫీల్డ్‌ను, 1919లో బ్రాడ్‌ఫర్డ్‌ను విడదీశారు. 1999లో దీని పేరు రిపన్–లీడ్స్ అయింది. 2014 ఏప్రిల్ 20న ఈ మూడు డయాసీస్‌లనూ రద్దుచేసి, వాటి ప్రాంతాలను కలిపి లీడ్స్ డయాసీస్‌ను ఏర్పాటు చేశారు. రిపన్ బిషప్ అనే బిరుదు ఇప్పుడు అందులోని ఒక ప్రాంతీయ బిషప్‌ది.’

లీడ్స్ నుంచి:
బాగుంది. ఒక్క మాట మార్చండి. ‘రాణి ఉత్తర్వు’ కాదు, ‘రాజు ఉత్తర్వు’. 1836 అక్టోబరులో గద్దె మీద ఉన్నది నాలుగో విలియం. విక్టోరియా వచ్చింది 1837 జూన్‌లో. రాణి కాలంలో జరిగింది వేక్‌ఫీల్డ్ విభజన.