పాత ఇంటి రంగుటద్దాలతో కిటికీ పలక చేయించాను. మిగిలిన సగం డబ్బు ఇవ్వాలా, వద్దా?

నీలిగవాక్షం (రాత్రి 9.12)
కాకినాడలో మా తాతగారి ఇల్లు 2022లో పడగొట్టారు. వసారా గుమ్మాల మీద అర్ధచంద్రాకారపు వెంటిలేటర్లు ఉండేవి. వాటిలో ఎరుపు, పచ్చ, నీలం అద్దాలు. మధ్యాహ్నం మూడు దాటితే ఆ రంగులు గచ్చు మీదికి దిగేవి. అమ్మమ్మ అక్కడే కూర్చుని బియ్యం చెరుగుతుంటే చాటలోకి కూడా వచ్చి పడేవి. కూల్చే రోజున 19 అద్దాలు ఊడదీయించుకుని పాత పేపర్లలో చుట్టి తెచ్చుకున్నాను.

ఇప్పుడు హైదరాబాద్‌లో మా కొత్త ఇంటి మెట్ల మలుపు దగ్గర పడమటి కిటికీకి రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు పలక చేయించాను. తామరకొలను బొమ్మ. చదరపు అడుగుకు 3,500 చొప్పున 28,000. సగం ముందే ఇచ్చాను. మూడు నెలల తరువాత పలక వచ్చింది. చూస్తే మా అద్దాలు అందులో ఐదే ఉన్నాయి. మిగతాదంతా కొత్త గాజు! ఎనిమిది అద్దాలు ఉన్నవి ఉన్నట్టుగా తిరిగి ఇచ్చారు. ఆరు పగిలాయట, వాటి ముక్కలు ఒక కవరులో పెట్టి ఇచ్చారు. మధ్యలో ఒక్క ఫోను కూడా చేయలేదు. మిగిలిన 14,000 ఇవ్వాలా?

ఉప్పాడగాలి (9.20)
ఇవ్వకండి. అంతే.

లెక్కలమాస్టారు (9.41)
అమ్మా, ఒప్పందం కాగితం మీద ఉందా? నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ కట్టడాల బిల్లులు చూసినవాణ్ణి. పరిమాణం, రేటు, గడువు, సామాను ఎవరిది, పాడైతే ఎవరి ఖర్చు, ఈ ఐదూ రాసుకోని పనికి తగవు తప్పదు. పైగా చదరపు అడుగు లెక్క ఈ పనికి పనికిరాదు. అదే ఎనిమిది అడుగుల్లో నలభై ముక్కలూ పట్టవచ్చు, రెండు వందలూ పట్టవచ్చు. ముక్కకు ఇంత అని ఉండాలి. మీ పలకలో ముక్కలెన్ని?

నీలిగవాక్షం (9.50)
కాగితమేమీ రాసుకోలేదు. ముక్కలు లెక్కపెట్టాను, 96. కానీ నా ప్రశ్న అది కాదండి.

పిల్లలున్నఇల్లు (10.02)
అసలు ఇంట్లోకి సీసం ఎందుకు తెచ్చుకున్నారు? ముక్కలను కలిపే పట్టీలు సీసపువి. టంకంలోనూ సీసమే. పిల్లల మెదడుకు సీసం విషం. మెట్ల దగ్గర అంటున్నారు, పిల్లలు చేతులు పెట్టరా?

గాజుపురుగు (10.30)
నేను పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

సీసం సంగతి ముందు. బిగించి ఉన్న పలక నుంచి సీసం గాలిలోకి లేచి రాదు. పట్టీని గీకినా, ఇసుక కాగితంతో రుద్దినా వచ్చే పొడితోనే ఎక్కువ ప్రమాదం. పిల్లలకు అందే ఎత్తులో ఉంటే లోపలి వైపు మామూలు అద్దం ఒకటి వేయించండి, సరిపోతుంది. ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి.

ఇక అద్దాలు. పాత అద్దం కోయడం కొత్తదాన్ని కోసినట్టు కాదు. ఒకే అద్దంలో ఒక మూల పలుచగా, ఒక మూల మందంగా ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండా వానా తిని ఉంటుంది. తామర రేకు లాంటి వంపు కోయాలంటే కట్టరుతో గీత గీసి, ఆ గీత వెంట చీలిక నడిచేలా కింద మెల్లగా తట్టాలి. పాత గాజులో చీలిక మన మాట వినదు, తన దారిన పోతుంది. పందొమ్మిదిలో ఐదు నిలిచాయంటే ఆ మనిషి జాగ్రత్తగానే చేశాడు. ఎనిమిదింటిని కోయకుండా తిరిగి ఇచ్చాడంటే, ఆరు పగిలాక ఆగాడన్నమాట. అది తెలివి. డబ్బు ఇచ్చేయండి.

పడమటిల్లు (10.44)
మీ వాళ్లను మీరు వెనకేసుకొస్తారు, సహజమే. మా ఇంటి అలంకరణ చూసినాయన పూజ గది తలుపుకు ‘రంగుల గాజు’ అని చెప్పి 40,000 తీసుకున్నాడు. అది అద్దం మీద అంటించిన ప్లాస్టిక్ పొర, పైన సీసం రంగు పట్టీ. రెండేళ్లకు అంచులు లేచాయి. లక్ష్మీదేవి చెయ్యి ఊడి వేలాడుతోంది. ఫోను చేస్తే నంబరు మారిపోయింది. నీలిగవాక్షం గారూ, మీ పగిలిన ఎర్ర ముక్క అంచు ఒకసారి చూడండి. లోపల తెల్లగా ఉంటే అది రంగు పూసిన గాజే.

నీలిగవాక్షం (10.58)
ఇప్పుడే టార్చి వేసి చూశాను. నిజమే! అంచులో తెల్లగా ఉంది, పైన దారమంత ఎర్ర గీత. అంటే మా అద్దాలు తీసుకుని వేరేవి ఇచ్చాడా?

పడమటిల్లు (11.01)
నేను చెప్పలేదా.

గాజుపురుగు (11.15)
ఆగండి, ఆగండి. ఎర్ర గాజు చాలావరకు అలాగే చేస్తారు. రాగితోనో బంగారంతోనో వచ్చే ఎరుపు చాలా చిక్కన. అద్దం మందమంతా అదే పోస్తే వెలుగు దాటదు, నల్లగా కనిపిస్తుంది. అందుకని తెల్ల గాజు కరిగి ఉండగానే దాని మీద పలుచని ఎర్ర పొర కలిపి ఊదుతారు. గోరుతో గీకి చూడండి, రాదు. కొలిమిలో కాల్చకుండా పూసిన రంగైతే ఊడి వస్తుంది. మీ తాతగారు మంచి సరుకే వేయించారు. మీ పచ్చ ముక్క అంచు చూడండి, లోపలిదాకా పచ్చగా ఉంటుంది.

నీలిగవాక్షం (11.24)
అవును, లోపలిదాకా పచ్చగానే ఉంది. ఎరుపు గీకితే రాలేదు. తొందరపడ్డాను.

కొత్తగృహం (ఉదయం 6.35)
మేమూ చేయించాలనుకుంటున్నాం. పడమటి ఎండకు ఏమైనా అవుతుందా?

గాజుపురుగు (7.10)
సీసం మెత్తన. ఎండకు సాగుతుంది, చల్లబడ్డాక పూర్తిగా వెనక్కి రాదు. కొన్నేళ్లకు పలక మధ్యలో పొట్ట వస్తుంది. నాలుగడుగుల ఎత్తు పలక పది కిలోలకు పైనే తూగుతుంది కాబట్టి అడ్డంగా రెండు ఇనుప కడ్డీలు ఉండాలి, వాటికి పలకను రాగి తీగతో కట్టాలి. పట్టీల సందుల్లో లప్పం పూర్తిగా ఎక్కించారో లేదో గోరుతో తట్టి చూడండి. గలగలమంటే ఎక్కలేదని అర్థం. రాగి రేకు చుట్టి టంకం వేసే పద్ధతి ఇంకొకటి ఉంది. చిన్న చిన్న ముక్కలకు, దీపాల గొడుగులకు అది బాగుంటుంది. కిటికీకి సీసపు పట్టీనే నా ఓటు.

ఉప్పాడగాలి (7.22)
వీధిలోంచి చూస్తే ఏమీ కనిపించని దానికి 28,000 పెట్టడం ఎందుకో.

గాజుపురుగు (7.40)
మెదక్ చర్చికి వెళ్లి రండి. 1924 నాటిది. అందులో మూడు పెద్ద రంగు గాజు కిటికీలున్నాయి. బయట నిలబడితే పగలు నల్లటి పలకల్లా ఉంటాయి. లోపలికి అడుగు పెట్టాక మాట్లాడండి.

లెక్కలమాస్టారు (8.05)
చర్చి, ఎండ అన్నీ అయ్యాయి. అమ్మా, కాగితం లేదన్నారు సరే. ఫోనులో సందేశాలైనా ఉంటాయి కదా. అద్దాల గురించి మీరు సరిగ్గా ఏమని రాశారు?

నీలిగవాక్షం (8.31)
‘వీలైనన్ని వాడండి’ అని రాశాను.

లెక్కలమాస్టారు (8.33)
తీరిపోయింది. ఆయనకు వీలైనవి ఐదు. బాకీ చెల్లించాలి.

నీలిగవాక్షం (8.49)
ఏం తీరిపోయిందండీ? ‘వీలైనన్ని’ అంటే మొదటిది పగలగానే చెప్పాలని కాదా? ఒకటి పగిలాక రెండోది, రెండోది పగిలాక మూడోది, ఆరు పగిలేదాకా చేతులు ఎలా ఆడాయి? ఒక్క ఫోను చేసి ఉంటే ‘తామర వద్దు, రేకులూ వంపులూ వద్దు, నలుచదరంగా ఉన్నవి ఉన్నట్టే పెట్టండి’ అనేదాన్ని.

గాజుపురుగు (9.06)
అది ముందే చెప్పి ఉండాల్సింది మీరు. తామర కావాలన్నది మీరే. వంపు లేని తామర ఎవరు గీస్తారు? మీకు బొమ్మ ముఖ్యమా, అద్దం ముఖ్యమా అని మీకే తెలియలేదు, ఆ తప్పు ఆయన నెత్తిన వేస్తున్నారు. కొనేవాళ్లందరూ ఇంతే. పని మొదలుపెట్టేటప్పుడు ‘మీ ఇష్టం’ అంటారు, డబ్బు ఇచ్చేటప్పుడు ఎక్కడ లేని ఇష్టాలూ గుర్తొస్తాయి.

పడమటిల్లు (9.10)
చూశారా, అసలు రంగు బయటపడింది.

నీలిగవాక్షం (9.32)
చెప్పకూడదనుకున్నాను, చెప్పేస్తున్నాను. ఆ ఇల్లు అమ్మినప్పుడు నాకు ఒక్క రూపాయి రాలేదు. నేను అడగలేదు, మామయ్యలు ఇవ్వలేదు. ఆ 19 అద్దాలే నా వాటా. అందులో ఆరు ఒక కవరులో పోసి ఇచ్చారు. ఆ కవరు చేతిలో పెడుతూ ఆయన అన్న మాట, ‘ఇవి పారేయండి మేడమ్, గుచ్చుకుంటాయి.’

పిల్లలున్నఇల్లు (9.40)
అయ్యో. మామయ్యలను అడగాల్సిన మాట గాజు పనివాణ్ణి అడుగుతున్నారేమో, ఆలోచించండి.

నీలిగవాక్షం (9.41)
మీరు సీసం గురించే రాయండి.

గాజుపురుగు (10.25)
కోపంలో రాశాను, క్షమించండి. నా సంగతీ చెబుతాను. మూడేళ్ల కిందట ఒకరు పాప పుట్టినరోజుకని పలక చేయించుకున్నారు. మధ్యలో పాప పేరు, గాజు మీద రాసి కొలిమిలో కాల్చింది. తీరా చూసి, గులాబీ రంగు కంప్యూటర్‌లో చూసినట్టు లేదని సగం డబ్బు ఎగ్గొట్టి వెళ్లిపోయారు. ఆ పలక ఇప్పటికీ నా దుకాణం గోడకు ఆనించి ఉంది. వేరేవాళ్ల పాప పేరున్న పలకను ఎవరికి అమ్మను? సీసం కరిగించుకోవచ్చు గానీ చేయి రాదు. మీరు ‘ఇవ్వాలా, వద్దా’ అని అడగగానే నాకు మీ కిటికీ కనపడలేదు, ఆ గోడే కనపడింది.

అయితే ఒక మాట. మొదటిది పగిలినప్పుడే ఆయన ఫోను చేసి ఉండాల్సింది. నేనైతే చేసేవాణ్ణి. రెండోది పగిలాక తప్పకుండా.

లెక్కలమాస్టారు (10.40)
చివరి వాక్యం నిన్న రాత్రి 10.30కే రాసి ఉంటే ఇంత గొడవ లేదు.

గాజుపురుగు (10.52)
ఆ ఎనిమిదింటినీ ఎవరితోనూ కోయించకండి. వాటి కొలతలకే టేకు చట్రం చేయించి, గాడిలో కూర్చోబెట్టి, వెనక సన్నని చెక్క పట్టీ కొట్టించండి. మంచి వడ్రంగి ఉంటే చాలు, నాలాంటి వాళ్లు అక్కరలేదు.

నీలిగవాక్షం (మధ్యాహ్నం 4.05)
గాడి ఎంత వెడల్పు ఉండాలి? ఒక్కో అద్దం ఒక్కో మందం ఉంది.

గాజుపురుగు (4.12)
అన్నిటికన్నా మందమైన మూల కొలిచి, దానికి రెండు మిల్లీమీటర్లు కలపండి. పలుచని చోట లప్పం నింపుకుంటుంది. బిగించి మాత్రం కొట్టించకండి.

లెక్కలమాస్టారు (4.30)
మంచిది. బాకీ సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

నీలిగవాక్షం (4.48)
పది వేలు పంపాను. నాలుగు వేలు ఆపాను.

గాజుపురుగు (4.50)
దేనికి?

నీలిగవాక్షం (4.51)
ఫోను చేయనందుకు. ఇప్పుడు చేస్తే పంపుతాను.