పొద్దున లేస్తే అలసట, రాత్రయితే నిద్ర రాదు: ఒక్క అలవాటుతో మొదలుపెట్టాలంటే ఏది?

రాత్రిమెలకువ:
నాకు 41 ఏళ్లు. రోజంతా కూర్చుని చేసే పని. పడుకునేసరికి ఒంటి గంట దాటుతుంది, పక్క మీద కూడా చేతిలో ఫోనే. పొద్దున ఒళ్లు బరువు. మధ్యాహ్నం మూడయ్యేసరికి బుర్ర పనిచేయదు. సాయంత్రం పిల్లలు ఏదైనా అడిగితే చాలు, విసుక్కుంటున్నాను. అదే ఎక్కువ బాధగా ఉంది. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ అన్నీ చూపించుకున్నాను, బాగానే ఉన్నాయి. "అలవాట్లు మార్చుకోండి" అన్నారు డాక్టరు గారు. వ్యాయామం, ధ్యానం, డైరీ, నీళ్లు అంటూ ఎవరిని అడిగినా పెద్ద జాబితా చెప్తారు. అన్నీ ఒకేసారి నావల్ల కాదు. ఒక్కటే ఎంచుకోమంటే మీరేది ఎంచుకుంటారు? ఎందుకో కూడా చెప్పండి.

మెట్లదారి:
నడక. 1953లో లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది మీద జెర్రీ మోరిస్ బృందం ప్రచురించిన అధ్యయనం గుర్తొస్తుంది. ఒకే బస్సు, ఒకే ఊరు. కానీ కూర్చుని నడిపే డ్రైవర్లతో పోలిస్తే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండె జబ్బు తక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటి వ్యాయామం చేయమంటోంది. ఒకేసారి చేయక్కర్లేదు, పది పది నిమిషాలుగా అయినా లెక్కలోకే వస్తుంది. ఫోన్ మాట్లాడాల్సి వస్తే లేచి నడుస్తూ మాట్లాడండి.

తూర్పువాకిలి:
నడక మంచిదే. కానీ మీ పరిస్థితి చదివాక నేనైతే ముందు లేచే టైమును పట్టుకోమంటాను. పడుకునే టైము మన చేతిలో ఉండదండీ. పదింటికి పక్క ఎక్కినా నిద్ర రావాలి కదా. లేచే టైము మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంటుంది. నేను ఏళ్ల తరబడి రాత్రి షిఫ్టులు చేసి పగటి పనికి మారినదాన్ని. అప్పుడు నన్ను నిలబెట్టింది ఇదొక్కటే.

కారణం చెప్తాను. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పెరుగుతూ పోతుంది, నిద్ర ముంచుకొచ్చేది చాలావరకు దాని వల్లే. ఆలస్యంగా లేస్తే రాత్రికి అది సరిపడా పోగవదు. కాఫీ చేసేది కూడా ఆ అడినోసిన్ పనిని అడ్డుకోవడమే. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. అంటే మూడింటికి బుర్ర పనిచేయడం లేదని తాగే కప్పులో సగం రాత్రి ఎనిమిదికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది.

రెండోది వెలుతురు. మన ఒంట్లో ఒక గడియారం ఉంది. అలాంటిది ఎలా నడుస్తుందో ఈగల్లో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురికి వైద్యంలో నోబెల్ వచ్చింది. దాన్ని రోజూ సరిచేసేది కంట్లో పడే పొద్దుటి వెలుగు. వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. ఇంట్లో లైట్లు మామూలుగా కొన్ని వందల లక్స్ ఇస్తాయి, మబ్బు పట్టినా బయట వేలల్లో ఉంటుంది. అందుకే నేను బ్రష్ మీద పేస్టు వేసుకుని తలుపు తీసి బయట నిలబడి పళ్లు తోముకుంటాను. ఎలాగూ చేసే పనే కాబట్టి మరిచిపోవడమంటూ ఉండదు.

మొదటి వారం పగలు నిద్ర తన్నుకొస్తుంది, ముందే చెప్తున్నాను. అప్పుడు బండి నడపకండి. కునుకు తీయాలంటే మూడింటిలోపు, ఇరవై నిమిషాలకు మించకుండా. రాత్రి ఎంతసేపటికీ నిద్ర పట్టకపోతే పక్క మీద దొర్లకుండా లేచి, చిన్న వెలుగులో కూర్చోండి. నిద్ర వస్తేనే మళ్లీ పక్క ఎక్కండి. నిద్రలేమికి ఇచ్చే చికిత్సలో ఇది 1970ల నుంచీ ఉన్న పద్ధతే.

రాత్రిమెలకువ:
ఇలా ఎవరూ విడమర్చి చెప్పలేదండీ. కానీ ఒక్క మాట. పిల్లలు పడుకున్నాక దొరికే ఆ గంటన్నరే నాది. అదీ వదులుకోవాలా?

తూర్పువాకిలి:
వద్దండీ. పగలంతా ఒకరి కోసమో ఇంకొకరి కోసమో పనిచేసే మనిషికి ఆ కాస్త సమయం కావాలి. దాన్ని తీసేయమనే సలహాలు నాకు అస్సలు నచ్చవు, అవి నాలుగు రోజులు కూడా నిలవవు. ఆ గంటను పక్క మీద కాకుండా కుర్చీలో గడపండి. ఫోన్‌కు బదులు మీకు నిజంగా ఇష్టమైనది చేయండి. పాటలా, పుస్తకమా, ఇంట్లోవాళ్లతో కబుర్లా, మీ ఇష్టం. ఫోన్ ఛార్జర్ వేరే గదిలో పెట్టి, అలారానికి మామూలు గడియారం కొనుక్కోండి. లేచే టైము కుదిరిందంటే, రాత్రి నిద్ర దానంతటదే త్వరగా వస్తుంది.

ఒకరోజు తప్పినా కంగారు పడకండి. 2010లో లండన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి ఒక్కొక్కరికి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పడుతుందని తేలింది. మధ్యలో ఒకరోజు పోయినంత మాత్రాన పెద్ద తేడా ఏమీ రాలేదు.

తెల్లకోటు:
నర్సుగా రెండు మాటలు. గట్టిగా గురక పెడుతున్నారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటోందా అని మీ ఆవిడను అడగండి. ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు, అలవాట్లతో సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించుకోవాలి. రెండోది, మీరు రాసిన విసుగు. ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, దిగులు రోజూ ఉండటం రెండు వారాలకు పైగా సాగుతుంటే డాక్టరుకు ఆ మాటే చెప్పండి. "నిద్ర పట్టట్లేదు" అని మాత్రమే చెప్తే ఆయన నిద్ర గురించే చూస్తారు.

రాత్రిమెలకువ:
గురక ఉందట. ఊపిరి సంగతి తను గమనించి చెప్తానంది. మనసు సంగతి కూడా ఈసారి డాక్టరు గారికి చెప్తాను. లేచే టైము ఆరున్నర అనుకుంటున్నాను. ఆదివారం కూడా అంతేనా?

తూర్పువాకిలి:
ఏడున్నర దాటనివ్వకండి.