చర్చ: వవోనాను ముక్కలు చేయడం సరైనదేనా? కుళ్లిన తెరచాప ఓడ మీద ఎంత చాకిరీ పెట్టొచ్చు?

లేక్‌యూనియన్_శ్రీను (చర్చ మొదలుపెట్టినవారు)

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు చాలామంది లేక్ యూనియన్ ఒడ్డున ఉన్న మోహాయ్ మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లే ఉంటారు. లోపల కప్పు దాకా నిలబెట్టిన పెద్ద చెక్క శిల్పం ఉంటుంది. జాన్ గ్రేడ్ అనే శిల్పి చేశారు. ఆ చెక్క వవోనా అనే ఓడది.

వవోనా స్కూనర్ రకం తెరచాప ఓడ, మూడు తెరచాప కొయ్యలుండేవి. 1897లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌హేవెన్‌లో హాన్స్ బెండిక్సెన్ యార్డులో కట్టారు. మొదట కలప మోసింది, తర్వాత బేరింగ్ సముద్రంలో కాడ్ చేపల వేటకు వెళ్లింది. 1970లో అమెరికా జాతీయ చారిత్రక జాబితాలోకి ఎక్కింది. 1960ల నుంచీ దాన్ని కాపాడాలని ఇక్కడివాళ్లు పోరాడారు. డబ్బు కూడలేదు. 2009 మార్చిలో విడగొట్టేశారు.

అదే యార్డులో దానికి రెండేళ్ల ముందు, 1895లో, సి.ఎ. థేయర్ తయారైంది. అదీ కలప మోసింది, అదీ కాడ్ వేటకు వెళ్లింది. 1950 దాకా పని చేసింది. దాని గతి మాత్రం వేరు. 2000ల్లో అలమీడాలో ఒడ్డెక్కించి, కుళ్లిన కొయ్యలన్నీ తీసి కొత్త డగ్లస్ ఫర్ కలప వేసి, 2007లో మళ్లీ రేవుకు తెచ్చారు. ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో మారిటైమ్ పార్కు వాళ్ల దగ్గర ఉంది.

ఒకే చేతి పని అయిన రెండు ఓడలు. ఒకదాన్ని బతికించారు, రెండోదాన్ని వదిలేశారు. వవోనా విషయంలో తప్పు జరిగిందనే నా అభిప్రాయం. వారాంతాల్లో నేను ఒక పాత చెక్క పడవ మరమ్మతులో వాలంటీర్‌గా పని చేస్తాను, కాబట్టి ఆ చాకిరీ ఎలాంటిదో తెలిసే అంటున్నాను. మీరేమంటారు?

టకోమా_మూర్తి

శ్రీను గారూ, మీ బాధ అర్థమైంది కానీ మీతో ఏకీభవించలేను. నేను పదేళ్లకు పైగా ఒక చెక్క పడవకు యజమానిగా ఉన్నాను. దాన్ని మించి తినే ప్రాణి ఇంట్లో లేదు.

అందరూ మర్చిపోయేది ఒకటుంది. చెక్క పడవను చంపేది సముద్రం కాదు, వాన. ఉప్పునీటిలో కుళ్లు పుట్టించే బూజు బతకదు. అందుకే పాతకాలంలో ఓడ కట్టేటప్పుడు ఫ్రేముల (పలకల వెనక పక్కటెముకల్లా ఉండే కొయ్యల) మధ్య ఖాళీల్లో ఉప్పు నింపేవారు. వాననీరు డెక్ సందుల్లోంచి దిగి, గాలి ఆడని మూలల్లో నిలిచిపోతుంది. ఆరు నెలలు ముసురు పట్టే ఊళ్లో, పైన కప్పు లేకుండా, మంచినీటి సరస్సులో వవోనాను దశాబ్దాలు కట్టేసి ఉంచారు. మంచినీటిలో కొయ్యను తొలిచే పురుగు ఉండదు, నిజమే. పైనుంచి వచ్చే కుళ్లును మాత్రం ఆ నీరు ఆపలేదు.

2009 నాటికి దాన్ని పునరుద్ధరించడమంటే కొత్త ఓడ కట్టడమే. థేయర్‌లో కూడా పాత కొయ్య చాలా కొంచెమే మిగిలింది. కోట్ల డాలర్లు పెట్టి 1895 నాటి ఓడ అని బోర్డు పెట్టిన కొత్త ఓడ అది. దాన్ని తప్పు అనను. కానీ ఊళ్లో ప్రతి శిథిలానికీ ఆ డబ్బు ఎవరు తెస్తారు? తెచ్చినా, దింపిన మర్నాటి నుంచి మళ్లీ వాన మొదలవుతుంది కదా.

చరిత్ర_విద్యార్థిని

నేను డబ్బు సంగతి మాట్లాడను. నాకున్న అభ్యంతరం వేరు. పాత కొయ్య ఒక సాక్ష్యం. దాని మీద వడ్రంగి బాడిస దెబ్బ ఉంటుంది, తర్వాత ఎవరో హడావిడిగా వేసిన అతుకు ఉంటుంది, చెట్టు ఎప్పుడు నరికారో చెప్పే వలయాలు ఉంటాయి. కుళ్లిందని తీసి పారేస్తే అది ఎప్పటికీ పోతుంది. కొత్తది ఎంత అందంగా చెక్కినా అది మన కాలం గురించే చెబుతుంది.

స్వీడన్ వాళ్లు వాసా అనే పాత యుద్ధనౌకను ఏం చేశారో చూడండి. 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగింది, 1961లో పైకి తీశారు. బాల్టిక్‌లో ఉప్పు తక్కువ కాబట్టి అక్కడ తొలిచే పురుగు లేదు, కొయ్య నిలిచింది. ఆరితే పగిలిపోతుందని పాలీఎథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని 17 ఏళ్లు చల్లుతూనే ఉన్నారు. దాన్ని మళ్లీ సముద్రంలోకి దింపాలని ఎవరూ అడగలేదు. శ్రమ అక్కడా ఉంది, కాకపోతే ఆ శ్రమ కొయ్యను నిలబెట్టడానికి, మార్చడానికి కాదు.

వవోనా విషయంలో నాకు ఊరట కలిగించేది ఒకటుంది. విడగొట్టడానికి చాలా ఏళ్ల ముందే హిస్టారిక్ అమెరికన్ ఇంజనీరింగ్ రికార్డ్ అనే ప్రభుత్వ కార్యక్రమం వాళ్లు దాన్ని కొలిచి డ్రాయింగులు గీశారు. ఓడ పోయినా ఆకారం పోలేదు.

గోస్‌పోర్ట్_డాక్టర్

ఇంగ్లండ్ నుంచి రాస్తున్నాను. వాసా ఉదాహరణ బాగుంది, కానీ అది అన్ని ఓడలకూ పనికిరాదు. సుహైలీ కథ వినండి, అది మన బొంబాయిలో పుట్టిన పడవ.

32 అడుగుల కెచ్ (రెండు కొయ్యల తెరచాప పడవ), 1960ల్లో బొంబాయిలో టేకుతో కట్టారు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ దాన్నే తీసుకుని 1968 జూన్ 14న ఫాల్మత్ నుంచి బయల్దేరి, ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా ప్రపంచం చుట్టి 1969 ఏప్రిల్ 22న తిరిగొచ్చారు. 312 రోజులు. అలా చేసిన మొదటి మనిషి. దారిలో కీల్ (పడవ అడుగు దూలం) దగ్గర పలకల సందు తెరుచుకుని నీరు కారితే, నడి సముద్రంలో దూకి, నీళ్ల కింద ఆ సందులో పత్తి కూరి, పైన రాగి రేకు మేకులతో కొట్టారు.

అంత చరిత్ర ఉన్న పడవను గ్రీనిచ్‌లోని మ్యూజియంలో పెట్టారు. ఏమైంది? మ్యూజియంలోని పొడి గాలికి పలకలు ఎండి కుంచించుకుపోవడం మొదలైంది. తడిలో బతకడానికి కట్టిన పడవ అది. ఆయన చూసి 2002లో బయటికి తీసేశారు. తర్వాత డెబ్బై దాటిన వయసులో ఆయనే చేతులు పెట్టి తుప్పుపట్టిన పాత ఇనప బిగింపులు తీసి కొత్తవి వేసి, మళ్లీ నీళ్లలో దించారు. అక్కడ టేకు బాగానే ఉంది, దాన్ని పట్టి ఉంచిన ఇనుము పోయింది.

భద్రం చేయడమంటే అద్దాల గదిలో పెట్టడమే అనుకుంటే సుహైలీ ఈపాటికి పుల్లల కట్ట అయ్యేది.

మూర్తి గారికి ఇంకో మాట. ఎంత మార్చాలన్నది కొయ్య జాతిని బట్టి కూడా ఉంటుంది. హార్ట్‌లిపూల్‌లో ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఉంది. 1817లో బొంబాయిలో వాడియా కుటుంబం వాళ్ల ఓడల యార్డులో మలబార్ టేకుతో కట్టారు. 1990 నుంచి 2001 దాకా మరమ్మతు జరిగింది. రెండు వందల ఏళ్లు దాటినా సగానికి పైగా పాత టేకే ఉంది. డగ్లస్ ఫర్ అంత కాలం ఆగదు. కాబట్టి థేయర్‌లో పాత చెక్క మిగల్లేదంటే అది మరమ్మతు చేసినవాళ్ల తప్పు కాదు.

టకోమా_మూర్తి

డాక్టర్ గారూ, టేకు సంగతి ఒప్పుకుంటాను. కానీ సుహైలీ 32 అడుగులు, వెనక ఒక మొండి యజమాని ఉన్నాడు. వవోనా దానికి అయిదింతల పొడవు, వెనక ఒక కమిటీ ఉంది. ఒక మనిషి ప్రేమతో చేసే చాకిరీనీ, ఒక సంస్థ జీతాలిచ్చి చేయించే చాకిరీనీ ఒక్కలా లెక్కేయకండి.

లేక్‌యూనియన్_శ్రీను

చాకిరీ గురించి అంటున్నారు కాబట్టి, తెలియనివాళ్ల కోసం అది ఏమిటో చెబుతాను. ఫొటోల్లో కొత్త పెయింట్, తెల్లటి తెరచాపలే కనిపిస్తాయి.

మొదట నిటారుగా నిలబెట్టడమే పెద్ద పని. పాత ఓడ మధ్యభాగం వెడల్పుగా ఉంటుంది, నీరు దాన్ని గట్టిగా పైకి తోస్తుంది. ముందు వెనక కొనలు సన్నం, అక్కడ ఆ ఆసరా తక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ రెండు కొనలూ జారి వెన్ను వంగిపోతుంది. ఒడ్డెక్కించాక జాకీలు పెట్టి, కొంచెం కొంచెంగా, వారాల తరబడి ఆకారానికి తేవాలి. తొందరపడితే మంచి కొయ్య కూడా చీలుతుంది.

తర్వాత కుళ్లు వెతకడం. సుత్తితో తట్టి చప్పుడు వింటాం, సన్నటి మొనతో గుచ్చి చూస్తాం. పైకి బాగానే ఉన్న పలక వెనక ఫ్రేము పొడైపోయి ఉంటుంది. ఒక పలక విప్పితే పక్కనున్న రెండు బయటపడతాయి. మొదటి నెలలన్నీ పని తగ్గదు, పెరుగుతుంది. చాలామంది ఇక్కడే మానేస్తారు.

పాత పెయింటు గీకడం అన్నిటికన్నా కష్టం. అందులో సీసం ఉంటుంది, అడుగు భాగంలో రాగి విషం ఉంటుంది. మాస్కు, ఒళ్లంతా కప్పే సూటు వేసుకుని పడవ కింద వెల్లకిలా పడుకుని గీకాలి. భుజాలు పట్టేస్తాయి. సాయంత్రానికి చెయ్యి ఎత్తి అన్నం తినడం కూడా కష్టమే.

కొత్త పలకను ఆవిరి పెట్టెలో పెడతాం. అంగుళం మందానికి గంట లెక్క. బయటికి తీశాక నిమిషాల్లో వంచి, బిగించాలి. నలుగురు ఒకేసారి, ఒకే మాట మీద కదలాలి. చల్లారితే వంగదు, బలవంతం చేస్తే విరుగుతుంది. ఆ తర్వాత సందుల్లో పత్తి, పైన తారు పట్టించిన నార కొట్టడం. వదులుగా కొడితే కారుతుంది, మరీ గట్టిగా కొడితే చెక్క ఉబ్బినప్పుడు పలకలనే నెట్టేస్తుంది. ఎంత గట్టిగా కొట్టాలో సుత్తి చప్పుడు మారడాన్ని బట్టే తెలుసుకుంటారు. అది ఏ వీడియోలోనూ పూర్తిగా రాదు, పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

నేను వాదించేది దీని గురించే. పోర్ట్ టౌన్‌సెండ్‌లో టాలీ హోను తిరిగి కట్టారు. 1910 నాటి పడవ, 1927లో ఫాస్ట్‌నెట్ అనే తెరచాప పడవల రేసు గెలిచింది. ఆ ఏడాది తుఫానులో గమ్యం చేరినవి రెండే పడవలు. తర్వాత ఆరెగాన్‌లోని బ్రూకింగ్స్‌లో శిథిలంగా పడి ఉంటే 2017లో లియో గూల్డెన్ అనే యువ వడ్రంగి తీసుకున్నాడు. 2024లో నీళ్లలోకి దించాడు. పాత కొయ్య చాలా తక్కువే మిగిలింది, అది అతనే దాచకుండా చూపించాడు. కానీ ఆ ఏళ్లలో ఎంతమంది ఆ షెడ్డులో పని నేర్చుకున్నారు! వవోనాను ఆ చెరువు ఒడ్డునే ఒక షెడ్డు కట్టి, పదిహేనేళ్లు పట్టినా సరే, బడిలా నడిపి ఉంటే ఈ రోజు సియాటిల్‌లో ఓడ వడ్రంగుల తరం ఒకటి ఉండేది.

చరిత్ర_విద్యార్థిని

అలాగైతే కొత్త ఓడే కట్టి నేర్పొచ్చు కదండీ? దానికి పాత ఓడను బలిపెట్టడం దేనికి?

తాళ్లరేవు_వెంకట్

ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నాను. ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను.

మాది తాళ్లరేవు. పక్కనే కోరంగి. ఒకప్పుడు అక్కడికి దూరదేశాల ఓడలు మరమ్మతుకు వచ్చేవి. 1839 తుఫాను ఆ రేవును ఊడ్చేసింది, కానీ పని పోలేదు. మా వైపు ఇప్పటికీ చెక్క పడవలు కడతారు. మా తాతగారు, పెదనాన్న ఆ పనిలోనే బతికారు. నేను వైజాగ్‌లో వేరే ఉద్యోగం చేస్తున్నాను.

కొత్త పడవ కడితే పని సగమే వస్తుందమ్మా. కొత్త పడవలో అంతా మీరు అనుకున్నట్టే ఉంటుంది. పాత పడవ విప్పినప్పుడే కట్టినవాడు ఎక్కడ ఎందుకు అలా చేశాడో తెలుస్తుంది. ఏ జాయింటులో నీళ్లు నిలిచాయి, ఏ మేకు చుట్టూ చెక్క నల్లబడింది, ఏ వంపుకు చెట్టులో సహజంగా వంగిన కొమ్మను వాడారు, ఏ వంపుకు నిటారు దుంగను కోశారు. నిటారు దుంగను వంపుగా కోస్తే నార తెగుతుంది, అక్కడే విరుగుతుంది. మా పెదనాన్న కుర్రాళ్లకు ముందు మరమ్మతే ఇచ్చేవారు, కొత్త పడవ తర్వాతే. మీరు సాక్ష్యం అన్నారే, దాన్ని చదవడం వచ్చేది విప్పే చేతికే. అద్దం బయట నిలబడితే పైపొర ఒక్కటే కనిపిస్తుంది.

మా దగ్గర కాగితం మీద డ్రాయింగ్ ఉండదు. పెద్ద మేస్త్రీ కంటి కొలత, ఒక కర్ర మీద గీతలు, అంతే. ఫైబర్ పడవలు వచ్చాక నావలకు గిరాకీ పడిపోయింది. పాత పడవ ముసలిదైతే ఎవరూ పునరుద్ధరించరు. పనికొచ్చే చెక్క తీసుకుని మిగతాది పొయ్యిలోకి. బతుకుతెరువు అది, ఎవర్నీ తప్పుపట్టను. కానీ ఆ కంటి కొలత తెలిసినవాళ్లు వెళ్లిపోతే, తర్వాత ఎన్ని కోట్లు పెట్టినా ఆ పడవ మళ్లీ కట్టలేరు. సియాటిల్ వాళ్లకు కనీసం డ్రాయింగులు మిగిలాయి.

మూర్తి గారు కమిటీ వల్ల కాదన్నారు. నిజమే కావచ్చు. కానీ ఓడ వల్ల కాలేదనకండి. ముందు కప్పు వేసి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదని మీరే రాశారు కదా.

టకోమా_మూర్తి

అవును వెంకట్, కప్పు విషయంలో మీరన్నదే నా మాట. 1970లో చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చినప్పుడే ఒక షెడ్డు వేయాల్సింది. గుర్తింపు పత్రం వానను ఆపదు. కానీ 2009 నాటి ఓడను చూసి అడిగితే, విడగొట్టడమే సరైన పని అని ఇప్పటికీ అంటాను. అడ్వెంచరెస్ అనే స్కూనర్ ఇక్కడే ఉంది, 1913 నాటిది. పిల్లల్ని ఎక్కించుకుని ఈ నీళ్లలో ఇప్పటికీ తిరుగుతోంది. ఏటా కొంచెం కొంచెం మారుస్తారు. వాడుకలో ఉన్న ఓడకు పెట్టే చాకిరీ నిలుస్తుంది. ఆగిపోయి కుళ్లిన ఓడకు పెట్టేది నిలవదు.

చరిత్ర_విద్యార్థిని

వెంకట్ గారూ, విప్పే చేతి గురించి మీరన్నది నేను ఎప్పుడూ ఆ వైపు నుంచి ఆలోచించలేదు. ఒకటి అడగొచ్చా? విప్పేటప్పుడు ఆ నల్లబడిన మేకులూ, ఆ అతుకులూ ఎవరైనా రాసి పెడతారా? రాసి పెడుతూ విప్పితే నా అభ్యంతరం సగం పోతుంది.

తాళ్లరేవు_వెంకట్

ఎవరూ రాయరమ్మా. ఇప్పుడు మా ఊళ్లో ఒక పాత నావ విప్పడానికి సిద్ధంగా ఉంది. యజమాని మాకు తెలిసినవాడే. కొలతలు ఎలా తీయాలో చెబితే సెలవు పెట్టి వెళ్తాను.

లేక్‌యూనియన్_శ్రీను

వెంకట్, వెంటనే చెయ్యండి. ముందు పడవను నీటిమట్టానికి సమంగా దుంగల మీద నిలబెట్టించండి. ముక్కు నుంచి తోక దాకా నడుమ ఒక దారం బిగించి లాగండి. ప్రతి రెండు అడుగులకు ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తు దగ్గర దారం నుంచి పక్క పలక దాకా ఎంత దూరమో, నేల నుంచి ఎంత ఎత్తులోనో వేర్వేరు ఎత్తుల్లో రాసుకోండి. విప్పేటప్పుడు ప్రతి పలక మీద సుద్దతో నంబరు వేసి ఫొటో తీయండి. మీ పెదనాన్న గారు వస్తే ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టి, ఆయన్ని మాట్లాడనివ్వండి. కొలతలు ఇక్కడ పెట్టండి, గీసే పని నాది.

గోస్‌పోర్ట్_డాక్టర్

ఆ గీతలున్న కర్రను కూడా ఫొటో తీయండి, పక్కన టేపు పెట్టి. పొయ్యిలోకి ముందు పోయేది అదే.