అప్‌డేట్: అరకు కోల్డ్ బ్రూకి ట్యాప్‌లో నురగ వచ్చేసింది

డ్రై స్టౌట్ బీరు మీద నిలిచే మెత్తటి నురగ, ఇంట్లో కెగ్‌లో (గ్యాస్ ఎక్కించే స్టీలు పీపాలో) పెట్టిన అరకు కాఫీ కోల్డ్ బ్రూకి, అంటే చన్నీళ్లలో నానబెట్టి తీసిన కాఫీకి, ఎలా తేవాలని అడిగాను కదా. వచ్చింది! మీరు చెప్పినట్టే స్టౌట్ ట్యాప్ బిగించాను. అందులోని సన్న రంధ్రాల బిళ్ళే అసలు కిటుకు. కాఫీ దాని గుండా దూరేటప్పుడు, కెగ్‌లోకి ఎక్కించిన నైట్రోజన్ గ్యాస్ చిన్న చిన్న బుడగలుగా విడిపోతుంది. కాఫీలో నలక ఉంటే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి, బాగా వడకట్టండి.

స్టౌట్‌కి వాడే మిశ్రమ గ్యాస్ వద్దు, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే కాఫీ పుల్లబడుతుంది. ఫుడ్ గ్రేడ్ నైట్రోజన్ ఒక్కటే, 40 పీఎస్ఐ ప్రెషర్‌లో. అది నీళ్లలో తేలిగ్గా కరగదు కాబట్టి కెగ్‌ని బాగా కుదిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. మన వైజాగ్ ఉక్కపోతలో చల్లదనం తగ్గితే ఇక అంతే.

ఫిల్టర్ కాఫీ తప్ప ముట్టని మా అత్తయ్యగారు రెండో గ్లాసు అడిగారు, పంచదార లేకుండానే! అందరికీ చాలా థాంక్సండీ.